‘జరగబోయే పరిణామాలకు మేం బాధ్యులం కాం’

హన్మకొండలో సంఘాలు, పార్టీలు, జేఏసీలు విలేకరులకు పంచే ప్రెస్‌నోట్లలో చివరి వాక్యం దాదాపు ఒకటే ఉంటుంది. ‘తక్షణమే మా డిమాండ్లు నెరవేర్చాలి, లేని పక్షంలో జరగబోయే పరిణామాలకు అధికారులే పూర్తి బాధ్యత వహించాల్సి ఉంటుంది.’ జీతాల బకాయిల మీద నోట్‌లోనూ ఇదే, విగ్రహం తొలగింపు మీద నోట్‌లోనూ ఇదే. డెస్క్‌లో కూర్చున్న సబ్‌ఎడిటర్ దీన్ని చదవకుండానే కొట్టేస్తాడు, లేదా చదవకుండానే ఉంచేస్తాడు. చాలాసార్లు ఆ ‘పరిణామాలు’ అంటే కలెక్టరేట్ ముందు ఇంకో ధర్నా, అంతే.

అయినా ఆ వాక్యాన్ని ఒకసారి విప్పి చూడాలి. ఏదో జరగబోతోందని అన్నవాళ్లకు తెలుసు. ఏం జరుగుతుందో చెప్పరు. ఎవరు చేస్తారో అసలే చెప్పరు. వానాకాలం వాగు పొంగినట్టు పరిణామాలు వాటంతటవే వచ్చిపడతాయి. వచ్చిపడ్డాక ఎవరి ఖాతాలో వేయాలో మాత్రం ముందే రాసిపెడతారు. బాధ్యత తమది కాదని చెప్పే మాటలోనే, జరగబోయేది తమకు ముందే తెలుసన్న ఒప్పుకోలు ఉంది. రాజకీయ హింసను నేరుగా కాకుండా పక్కనుంచి ఎగదోసేవారి విషయంలో చట్టం అడిగే ప్రశ్నలైనా, మనస్సాక్షి అడిగే ప్రశ్నలైనా ఆ ఒప్పుకోలు చుట్టూనే తిరుగుతాయి.

మైకు పట్టుకుని ‘చంపండి’ అనే నాయకుడు అరుదు. అనాల్సిన అవసరమూ లేదు. అందుకు తెలుగులో కావలసినన్ని మాటలున్నాయి. వాడి సంగతి చూడండి. లెక్క తేల్చండి. బుద్ధి చెప్పాలె. ఊళ్లె తిరగనియ్యొద్దు. మా కార్యకర్తలు చేతులు కట్టుకుని కూర్చుంటారా? చివరిది ప్రశ్న మాత్రమే, అందులో ఆదేశం లేదు. ‘మా పిల్లలు ఆవేశపరులు, నేను చెప్పినా ఆగరు’ అన్నది ఇంకా సొగసైన మాట. పైకి నిస్సహాయత, లోపల అనుమతి.

చిక్కేమిటంటే ఇవన్నీ రోజూ వాడే మాటలే. తల్లి పిల్లాణ్ని ‘ఇంటికి రా, నీ సంగతి చెప్త’ అంటుంది. రాత్రి కల్లు దగ్గర ‘నీ అంతు చూస్త’ అనుకున్న ఇద్దరు తెల్లారి ఒకే బండి మీద మార్కెట్‌కు పోతారు. అదే మాట పోలింగ్ ముందురోజు రాత్రి, కర్రలు పట్టుకున్న యాభై మంది ముందు పడితే అర్థం వేరు. నిఘంటువులో మాత్రం అర్థం అదే.

ఈ విద్య కొత్తదేం కాదు. ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా, ‘కుంజరః’ అని మెల్లగా అన్న ధర్మరాజు మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఏనుగు నిజంగానే చచ్చింది. ద్రోణుడు అస్త్రం కింద పెట్టాడు, ఆ తర్వాతది ఇంకొకరి కత్తి పని. ఏ కోర్టుకు వెళ్లినా ధర్మరాజు నిర్దోషిగా బయటపడేవాడేమో. కథ చెప్పినవాళ్లు మాత్రం ఆయన రథాన్ని నేలకు దించకుండా వదల్లేదు.

పురికొల్పడాన్ని చట్టం ప్రేరేపణ అంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది 45వ సెక్షన్, పాత ఐపీసీలో 107. పురికొల్పడం, కుట్రలో కలవడం, సాయపడడం అని మూడు దారుల్లో మనిషి ప్రేరేపకుడవుతాడు. అనుకున్న నేరం జరిగి తీరాలని లేదు. ఎవరూ రాయి విసరకపోయినా, విసరమని పురికొల్పినవాడు నేరం చేసినట్టే. అయితే పురికొల్పడం అంటే ఏమిటన్న దగ్గర కోర్టులు గట్టి కొలతే పెట్టాయి. రమేశ్‌కుమార్ కేసులో (2001) సుప్రీంకోర్టు, కోపంలోనో ఆవేశంలోనో పర్యవసానం కోరకుండా అన్న మాట పురికొల్పడం కిందికి రాదంది. ‘పోయి చావు’ అన్నంత మాత్రాన ఆత్మహత్యకు ప్రేరేపించినట్టు కాదని 1995లోనే ఇంకో కేసులో చెప్పింది. అవి కుటుంబ తగాదాల కేసులు. కానీ రాజకీయ ప్రసంగాల కేసుల్లోనూ డిఫెన్స్ లాయర్ మొదట అందుకునే వాదన ఇదే.

గుంపును పురికొల్పడానికి విడిగా సెక్షన్ ఉంది. ఐపీసీలో 117, ఇప్పుడు 57. పది మందికి మించిన గుంపును గానీ, సాధారణ ప్రజలను గానీ నేరానికి పురికొల్పితే పాత చట్టంలో గరిష్ఠంగా 3 ఏళ్లున్న శిక్షను కొత్త చట్టం 7 ఏళ్లకు పెంచింది. ఆ సెక్షన్ కింద 1860 నుంచీ ఉన్న ఉదాహరణ చదివితే వరంగల్‌వాళ్లకు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ఒక మనిషి నలుగురూ తిరిగే చోట ఒక ప్రకటన అంటిస్తాడు. అవతలి వర్గం ఊరేగింపుగా పోతుంటే దాడి చేయడానికి ఫలానా టైముకు ఫలానా చోటికి రండని తన వర్గానికి చెప్పే ప్రకటన అది. జిగురు ఆరకముందే నేరం పూర్తయింది. నూట అరవై ఏళ్లు దాటినా ఆ ఉదాహరణకు బూజు పట్టలేదు. గోడ కాస్తా ఫోన్‌లోకి వచ్చింది, అంతే తేడా.

కానీ ఆ పోస్టర్‌లో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి మీద అన్నీ ఉన్నాయి. ఇవాళ్టి పోస్టర్‌లో అవేవీ ఉండవు. ‘ఆదివారం వాళ్ల ర్యాలీ మన చౌరస్తా మీదుగానే పోతుందట. పౌరుషం ఉన్నోళ్లు ఆలోచించుకోండి’ అని ఉంటుంది. ఆలోచించుకోమనడం నేరమా?

ఇక్కడ ఇంకో సెక్షన్ పనికొస్తుంది, 51 (పాతది 111). చెప్పింది ఒకటై, జరిగింది ఇంకొకటైతే, ఆ జరిగింది చెప్పినదానికి సహజంగా రాగల పర్యవసానమా అని చూడాలంటుంది. చట్టంలోని ఉదాహరణలే తీసుకుందాం. ఇల్లు తగలబెట్టమని ఒకణ్ని పంపితే, వాడు తగలబెట్టి పనిలో పనిగా సొత్తు కూడా ఎత్తుకొచ్చాడు. ఆ దొంగతనం పంపినవాడి మీద పడదు. కానీ అర్ధరాత్రి మనుషులున్న ఇంటి మీదికి, చేతికి ఆయుధాలిచ్చి దోపిడీకి పంపితే, అడ్డం వచ్చిన ఇంటాయనను వాళ్లు చంపితే, ‘చంపమని నేను అనలేదు’ అంటే చెల్లకపోవచ్చు. అక్కడ చావు ఊహకందని విషయం కాదు. 192వ సెక్షన్ (పాతది 153) కూడా తెలియడం గురించే మాట్లాడుతుంది. చట్టవిరుద్ధమైన పనితో ఒకరిని రెచ్చగొట్టి, దానివల్ల అల్లర్లు జరగవచ్చని తెలిసీ చేస్తే నేరం. అల్లర్లు జరిగితే ఏడాది దాకా, జరక్కపోతే 6 నెలల దాకా జైలు.

అంటే తెలియడమే అసలు పాయింట్. ‘జరగబోయే పరిణామాలకు’ అని ప్రెస్‌నోట్‌లో ముందే రాసుకున్నవారు, రేపు నిజంగా బస్సు తగలబడితే ‘మేం ఊహించలేదు’ అని ఎలా చెప్పగలరు? తనను కాపాడుతుందనుకుని రాసిన వాక్యమే ప్రాసిక్యూషన్ చేతిలో కాగితం అవుతుంది. చాలా సంఘాలకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఒక్క మాట మనిషి ప్రాణం ఎలా తీస్తుందో ఉత్తర తెలంగాణకు పుస్తకాలు చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. 1980లు, 90లు చూసినవాళ్లకు ‘ఇన్ఫార్మర్’ అన్న పదం వింటే ఇప్పటికీ గొంతు తగ్గుతుంది. అది ఒక మనిషి చేసే పనికి పేరు, నిందకు కూడా చాలని పదం. కానీ నక్సలైట్ దళాలు తిరిగే ఊళ్లో ఫలానా ఆయన ఇన్ఫార్మరట అన్న మాట పుడితే, ఆయన ఆ వారమే కరీంనగర్‌లోనో వరంగల్‌లోనో బంధువుల ఇంటికి చేరేవాడు. చేరని వాళ్లు కొందరు తెల్లారేసరికి ఊరి బయట శవమై దొరికేవారు, పక్కన రాళ్లకింద పెట్టిన ఒక చీటీ. అవతలి వైపు దీనికి జోడీ పదాలున్నాయి. సానుభూతిపరుడు, కొరియర్, అన్నం పెట్టినోడు. ఆ మాట పోలీస్ స్టేషన్ చేరితే రాత్రి జీపు వచ్చేది. రెండు వైపులా ‘చంపండి’ అన్నవాడు లేడు. ఒక పేరు, ఒక ముద్ర, అంతే. పాలోళ్ల మధ్య గట్టు పంచాయతీలు కూడా ఆ ముద్రల్లోకి దూరాయని ఊళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలా పేరు చేరవేసినవాడు నేరస్తుడా? దళానికి ఎదురుపడి, చంపుతారని తెలిసి, చంపాలనే పేరు అందిస్తే చట్టం అతణ్ని పట్టుకోగలదు. అది సాయపడడం. చాయ్ హోటల్ దగ్గర నాలుక జారినవాణ్ని పట్టుకోలేదు, పట్టుకోకూడదు కూడా. కానీ ఆ ఊళ్లో ఆ పదం ఏం చేస్తుందో అతనికి తెలియదా? హైదరాబాద్ అపార్టుమెంట్‌లో పక్కింటాయనను ఇన్ఫార్మర్ అంటే నవ్వుకుంటారు. అప్పటి మంథని వైపు పల్లెలో అంటే ఇంటి గొళ్లెం పెట్టుకుంటారు. మాట బరువును నిర్ణయించేది ఆ మాట పడిన నేల.

లోకం మొత్తానికీ ఇది తెలిసిన పాఠమే. 1994 రువాండాలో ఒక రేడియో స్టేషన్ టుట్సీలను బొద్దింకలంటూ నెలల తరబడి ప్రసారం చేసింది. దాన్ని నడిపినవారిని అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2003లో దోషులుగా తేల్చింది. అంతకుముందు 1946లో న్యూరెంబర్గ్‌లో ఇద్దరు ప్రచారకులు ఒకే బోనులో నిలబడ్డారు. యూదుల నిర్మూలన గురించి ఏళ్ల తరబడి రాసిన పత్రికాధిపతి స్ట్రైషర్‌ను ఉరితీశారు, ఆయన తన చేత్తో ఎవరినీ చంపలేదు. రేడియో వ్యాఖ్యాత ఫ్రిట్‌షేను వదిలేశారు. ఆయన మాటల్లోనూ యూదు ద్వేషం ఉంది, కానీ జనాన్ని హత్యాకాండకు పురికొల్పాలన్న ఉద్దేశం రుజువు కాలేదన్నారు. ఒకే ప్రభుత్వం, ఒకే ద్వేషం, రెండు తీర్పులు. ఆ తేడా సరిగ్గా ఎక్కడుందన్న చర్చ ఇంకా తెగలేదు.

అంత దూరం పోకపోయినా, నిజాం పాలన చివరి నెలల్లోనే ఒక ఉదాహరణ ఉంది. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ అప్పటి వరంగల్ జిల్లా మానుకోట తాలూకాలో పుట్టినవాడు. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవాలని రాసేవాడు. 1948 ఆగస్టులో రజాకార్ల నేత ఖాసిం రజ్వీ హైదరాబాద్ సభలో, ద్రోహానికి లేచే చేతులు తెగిపడతాయన్న అర్థంలో మాట్లాడాడు. రోజుల వ్యవధిలో, ఆగస్టు 21 రాత్రి, ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తున్న షోయబుల్లాఖాన్‌ను దారికాచి కాల్చి, చేయి నరికారు. పేరు ఎత్తలేదు, తేదీ చెప్పలేదు. కానీ మాట ఎలా పడిందో గాయమూ అలాగే పడింది. ఇంతకంటే దగ్గరగా మాటనూ చేతనూ పక్కపక్కన చూపించే సందర్భం తెలుగు నేల మీద దొరకడం కష్టం. అయినా పోలీసు చర్య తర్వాత రజ్వీని 1957 దాకా జైల్లో ఉంచింది ప్రధానంగా బీబీనగర్ గ్రామం మీద దాడి కేసు. ఊళ్లను వణికించిన ఆ ప్రసంగాలు కావు.

ఇంతవరకు చదివినవారికి చట్టాన్ని ఇంకా బిగించాలి కదా అనిపించవచ్చు. అక్కడే ఆగాలి. పరోక్ష బాధ్యత అన్న వల ఎంత వెడల్పయితే ఎవరెవరు అందులో పడతారో కూడా వరంగల్‌కే బాగా తెలుసు.

డాక్టర్ రామనాథం పిల్లల వైద్యుడు, పౌరహక్కుల సంఘం నాయకుడు. ఎన్‌కౌంటర్ల మీద నిజనిర్ధారణలు చేసేవాడు. 1985 సెప్టెంబర్‌లో నక్సలైట్లు ఎస్‌ఐ యాదగిరిరెడ్డిని కాల్చి చంపారు. 3వ తేదీన ఆ ఎస్‌ఐ అంతిమయాత్ర సాగుతుండగా, అందులోని పోలీసులు కొందరు దారిలో ఉన్న రామనాథం క్లినిక్‌లో చొరబడి ఆయన్ను కాల్చి చంపారని పౌరహక్కుల సంఘం రికార్డు చేసింది. ఈ హత్య వెనక నడిచిన లెక్కను ఊహించడం కష్టం కాదు. ఎస్‌ఐని చంపింది నక్సలైట్లు, నక్సలైట్ల హక్కుల గురించి మాట్లాడేది ఈయన, కాబట్టి ఆ చావులో ఈయన వాటా ఉంది. పరోక్ష బాధ్యతను కోర్టు బయట, కోపంలో లెక్కగడితే వచ్చే మొత్తం అది. ఆ లెక్కలో స్టెతస్కోప్ కూడా ఆయుధమే.

కోర్టు లోపల లెక్కగట్టినా పెద్ద తేడా రాలేదు, ప్రాణం పోలేదంతే. 1974లో పెట్టిన సికిందరాబాద్ కుట్ర కేసులో, మరికొందరితో పాటు విప్లవ రచయితల సంఘం (విరసం) కవులను కూడా నిందితులుగా చేర్చారు. హన్మకొండ, వరంగల్ గల్లీల్లో పాఠాలు చెప్పుకుంటూ కవిత్వం రాసిన వరవరరావు అందులో ఒకరు. వాళ్ల కవితలు, వ్యాసాలు, ఉపన్యాసాలు సాయుధ తిరుగుబాటుకు ఉసిగొల్పాయన్నది ఆరోపణ. కేసు పదిహేనేళ్లు నడిచి 1989లో కొట్టేశారు. నిందితుల్లో ఒకరైన చెరబండరాజు ఆ తీర్పు రాకముందే 1982లో చనిపోయారు. 2005 ఆగస్టులో ఎమ్మెల్యే నర్సిరెడ్డి హత్య తర్వాత మావోయిస్టు పార్టీతో పాటు విరసం మీదా నిషేధం పెట్టారు, నవంబర్‌కల్లా అది ఎత్తేయాల్సి వచ్చింది. ఆ కవితలు నచ్చడం నచ్చకపోవడం వేరే ముచ్చట. హింసను కీర్తించే పాదాలు వాటిలో లేవని ఎవరూ అనరు. కానీ ఫలానా కవిత చదివి ఫలానావాడు తుపాకి పట్టాడని చూపించే గొలుసు ఎప్పుడూ దొరకలేదు.

అందుకే సుప్రీంకోర్టు వాక్కుకూ హింసకూ మధ్య దూరాన్ని కొలవమంటూ వస్తోంది. 1989 నాటి రంగరాజన్ తీర్పు ప్రకారం మాటకూ ప్రమాదానికీ సంబంధం మందుగుండు పీపాలో నిప్పురవ్వ అంత దగ్గరగా ఉండాలి. ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజే చండీగఢ్‌లో ఒక సినిమా హాలు దగ్గర ఇద్దరు ప్రభుత్వోద్యోగులు ఖలిస్తాన్ నినాదాలు చేశారు. జనం పట్టించుకోకుండా వాళ్ల పని వాళ్లు చూసుకున్నారు. 1995లో ఆ ఇద్దరినీ వదిలేశారు. చర్చించడం, సమర్థించడం, రెచ్చగొట్టడం అన్న మూడింటిలో చివరిదాన్నే ఆపవచ్చని 2015లో శ్రేయా సింఘాల్ కేసు చెప్పింది. 2025 మార్చిలో, కవిత వినిపిస్తున్న ఒక వీడియో పెట్టినందుకు రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద గుజరాత్‌లో పెట్టిన కేసును కొట్టేస్తూ, మాటను ప్రతిదానికీ బెదిరిపోయేవాళ్ల కొలతతో కాకుండా స్థైర్యం ఉన్న మనుషుల కొలతతో చూడాలంది.

వీటి పక్కన 2020 నాటి అమీష్ దేవగన్ తీర్పును కూడా పెట్టుకోవాలి. మాట ఒక్కటే చాలదు, ఎవరన్నారు, ఎవరు విన్నారు, ఏ సందర్భంలో అన్నవి కూడా చూడాలని, పలుకుబడి ఉన్నవారి మీద బాధ్యత ఎక్కువని అది చెప్పింది. ఊరి చివర చాయ్ తాగుతూ ‘తరిమి కొట్టాలె’ అన్నవాడికీ, లక్ష మంది సభలో మంత్రి హోదాలో అదే మాట అన్నవాడికీ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదు. ఆచరణలో మాత్రం తలకిందులు. చాయ్ తాగినవాడి వాట్సాప్ స్టేటస్ మీద సాయంత్రానికి కేసు అవుతుంది. మంత్రి వీడియోలో గొంతు ఆయనదేనా అని ల్యాబ్‌కు పంపుతారు.

పెద్దవాళ్ల కేసులు నిలబడకపోవడానికి కారణాలు తత్వంలో కాదు, ఫైల్లో ఉంటాయి. రెండు వర్గాల మధ్య విద్వేషం రెచ్చగొట్టే నేరానికి (196, పాతది 153ఏ) కోర్టు విచారణ మొదలుపెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అధికారంలో ఉన్న పార్టీ మనిషి మీద ఆ అనుమతి ఏ సీజన్‌లో వస్తుందో చెప్పక్కర్లేదు. వీడియోకు సాక్ష్య చట్టం అడిగే సర్టిఫికెట్ జతచేయడం కానిస్టేబుల్ మరచిపోతే క్లిప్ పనికిరాకుండా పోయే ప్రమాదం. తెలుగు ప్రసంగం పైకోర్టుకు వెళ్లేసరికి ఇంగ్లీషవుతుంది. ‘సంగతి చూడండి’ కాస్తా ‘విషయం పరిశీలించండి’ అన్న అర్థంలో దిగితే అందులో తప్పేముంది? ‘అంతం చేయండి’ అన్న అర్థంలో దిగితే మనిషి లోపల. మధ్యలో ఉన్నది ఒక అనువాదకుడి పెన్ను. 153ఏ కింద శిక్ష పడితే ఎన్నికల్లో పోటీకి అనర్హత కూడా ఉంది, కాబట్టి ఈ ఫైళ్లు ఎందుకు కదలవో ఇంకో కారణం కూడా దొరుకుతుంది.

చట్టం ఇరుకుగానే ఉండాలి. పీపా పక్కన నిప్పు పట్టుకున్నవాడి దగ్గరే అది ఆగాలి. అలా ఆగాక మిగిలినదంతా మనస్సాక్షి లెక్క, అది మాత్రం చాలా వెడల్పు. కోర్టు వదిలేసిందంటే కడిగిన ముత్యమే అనుకోవడం మన రాజకీయాలకు అలవాటైపోయింది. ‘కేసే లేదు, ఇంకేం బాధ్యత?’ అంటారు.

బంద్ సంగతే చూడండి. పిలుపు కాగితం మీద ‘శాంతియుతంగా, స్వచ్ఛందంగా’ అని ఉంటుంది. ఉదయం ఐదింటికి బస్టాండ్ దగ్గర, డిపో గేటు ముందు నాయకులు చేతులు జోడించి ఫొటో దిగుతారు. తొమ్మిదింటికి ఎక్కడో బస్సు అద్దం పగులుతుంది. దొరికేది పందొమ్మిదేళ్ల పిల్లవాడు. బంద్ పేరుతో జనజీవనాన్ని ఆపడం రాజ్యాంగ విరుద్ధమని కేరళ హైకోర్టు 1997లో అంటే అదే ఏడాది సుప్రీంకోర్టు సమర్థించింది. ఆందోళనలో ఆస్తి నష్టం జరిగితే పిలుపిచ్చినవారి నుంచి కూడా రాబట్టవచ్చని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద బాగుంది. నాయకుడికి ఆ నష్టం బిల్లు అందిన సందర్భం ఊళ్లో ఎవరినడిగినా గుర్తుచేసుకోవడానికి టైము పడుతుంది. తెలంగాణ ఉద్యమంలో రైలు పట్టాల మీద కూర్చున్న పిల్లల్లో కొందరు, రాష్ట్రం వచ్చి వేదికల మీద వాళ్లు మంత్రులయ్యాక కూడా కాజీపేట రైల్వే కోర్టు వాయిదాలకు తిరిగారు. ఆ పోరాటం న్యాయమైనదే. అయినా పిలుపిచ్చినవారికీ పట్టా మీద కూర్చున్నవారికీ మధ్య లెక్క తేలలేదు.

నోరు మూసుకోవడం మాటేమిటి? ఈ ప్రశ్నను వరంగల్‌లో గట్టిగా అడిగిన మనిషి బాలగోపాల్. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలి, ఏళ్లపాటు పౌరహక్కుల సంఘాన్ని నడిపినవాడు. పోలీసుల ఎన్‌కౌంటర్లను బయటపెట్టినవాడే, నక్సలైట్ల చేతిలో సామాన్యులు చనిపోతే హక్కుల సంఘం ఏమనాలన్నది తనవాళ్లనే నిలదీశాడు. ఆ చర్చ తెగక 1998లో బయటికొచ్చి మానవ హక్కుల వేదిక పెట్టాడు. మన వైపు వాళ్లు చేసిన హత్య మీద మౌనం ఏ సెక్షన్ కిందికీ రాదు, రాకూడదు. కానీ తర్వాతి హత్య చేయబోయేవాడు ఆ మౌనాన్ని ఎలా చదువుకుంటాడన్నది బాధ్యతకు సంబంధించిన ప్రశ్నే. బాలగోపాల్ ఆ ప్రశ్న వేసినందుకు రెండు వైపులా తిట్లు తిన్నాడు.

ముందే తెలుసని ఒప్పుకుని, బాధ్యతను మాత్రం పక్కవాడి ఖాతాలో వేసే ప్రెస్‌నోట్ వాక్యానికి పూర్తి వ్యతిరేకమైన మాట ఒకటి 1922లో కోర్టులోనే వినిపించింది. ఆ ఫిబ్రవరి మొదట్లో చౌరీచౌరాలో సహాయ నిరాకరణ ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. గుంపు పోలీస్ స్టేషన్‌కు నిప్పు పెడితే ఇరవై మందికి పైగా పోలీసులు చనిపోయారు. గాంధీ ఆ ఊళ్లో లేడు, నిప్పు పెట్టమని ఎన్నడూ అనలేదు, పైగా అహింస అని చెప్పీ చెప్పీ అలసిపోయినవాడు. ‘మా పిలుపును వక్రీకరించారు, అసాంఘిక శక్తులు చొరబడ్డాయి’ అనడానికి ఆయనకు అందరికంటే ఎక్కువ హక్కుంది. అలా అనకుండా వారం తిరిగేసరికి ఉద్యమాన్నే ఆపేసి, ఐదు రోజులు ఉపవాసం చేశాడు. సొంత పార్టీ వాళ్లే మండిపడ్డారు.

మార్చి 18న అహ్మదాబాద్ కోర్టులో అడ్వకేట్ జనరల్ చౌరీచౌరాను, బొంబాయి, మద్రాసు అల్లర్లను ప్రస్తావిస్తే గాంధీ కాదనలేదు. వాటి నుంచి తనను వేరుచేసుకోవడం సాధ్యం కాదన్నాడు. నిప్పుతో ఆడుతున్నానని తనకు తెలుసని, వదిలేస్తే మళ్లీ అదే చేస్తానని కూడా చెప్పాడు. జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ఆరేళ్ల జైలు వేశాడు. చౌరీచౌరా గుంపులో 172 మందికి సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేస్తే, హైకోర్టు తగ్గించాక 19 మందిని ఉరితీశారు. గాంధీకి పడిన ఆరేళ్లు మాత్రం ‘యంగ్ ఇండియా’లో రాసిన మూడు వ్యాసాలకు, రాజద్రోహం కింద. చౌరీచౌరాకు సంబంధించి ఆయన మీద అసలు కేసే పెట్టలేదు.